ఒకటో తేదీ వేలిముద్రతో సరిపెడదామా?

నెల్లూరు జిల్లా కోవూరు సమీపంలోని ఒక ఇంటికి ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి వచ్చి, వసారాలో కూర్చుని, ఎనభైకి దగ్గరపడిన పెద్దావిడ చేత యంత్రంమీద వేలిముద్ర వేయించుకుని, 4,000 రూపాయల పింఛను లెక్కపెట్టి ఇస్తాడు. ఎప్పుడో పోయిన తన తమ్ముడే వచ్చాడనుకుని ఆవిడ "ఎప్పుడొచ్చినావబ్బయ్యా, అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. అతను "తిన్నానవ్వా" అని చెప్పి పక్కింటికి వెళ్లిపోతాడు. ఆ వేలిని పట్టి యంత్రంమీద ఆనించిన కోడలితో అతనికి పనిలేదు, ఎందుకంటే ఆమె పేరు అతని జాబితాలో లేదు. నా వాదనంతా ఆ కోడలి గురించే.

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) ఉందని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. పట్టణాలకన్నా పల్లెల్లో, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువని కూడా అదే తేల్చింది. మన ఊళ్లలో మాత్రం ఇప్పటికీ దాని పేరు చాదస్తమే. జబ్బు అంటే మందు, డాక్టరు, ఖర్చు అన్నీ లెక్కకు వస్తాయి. చాదస్తం అంటే ఇంట్లో ఎవరో ఒకరు ఓర్చుకుంటే చాలు.

ఆ ఓర్చుకునే మనిషి ఎవరో చట్టానికి తెలియదు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పెద్దలను గాలికి వదిలేసినవారికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చునని అది చెబుతుంది. 'పిల్లలు' అన్న నిర్వచనంలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు ఉన్నారు, కోడలు లేదు. బాధ్యత చట్టప్రకారం కొడుకుదే గానీ, పక్క తడిస్తే దుప్పటి మార్చేది కోడలు. వదిలేసినవాణ్ణి శిక్షించడానికి ఒక సెక్షను రాసుకున్న మనం, వదలని మనిషికి ఒక పూట కూలి కూడా రాయలేదు.

పింఛన్ల తర్కం ఇంకా విచిత్రం. పక్షవాతం వంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి మన ఆంధ్రప్రదేశ్ నెలకు 15,000 రూపాయలు ఇస్తోంది, మంచి పనే. అయితే డిమెన్షియాలో కుటుంబాన్ని అన్నిటికన్నా ఎక్కువగా అలసగొట్టే దశ మనిషి నడుస్తున్న దశ. అర్ధరాత్రి లేచి "మా ఇంటికి పోతాను" అంటూ గడియ తీసేవారు, పొయ్యి వెలిగించి మరచిపోయేవారు, చీకట్లో కాలువ వైపో రొయ్యల గుంటల వైపో నడిచిపోయేవారు మంచాన పడ్డవారి లెక్కలోకి రారు. కాళ్లు బాగున్నాయి కనుక సర్కారు దృష్టిలో వారు దృఢంగా ఉన్నట్టే. వారి వెంట తిరిగే మనిషికి ఆ కాళ్లే శాపం.

ప్రభుత్వానికి ఈ జబ్బు తెలియదని కూడా అనలేం. ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు వర్తించే జబ్బుల్లో డిమెన్షియా ఉంది. వయోవృద్ధుల చికిత్సకు లక్ష రూపాయల వరకు తగ్గించుకోవచ్చు. పన్ను కట్టేవాడి ఇంట్లో అది జబ్బు, నాటు పనికి వెళ్లడం మానుకున్న ఆడమనిషి ఇంట్లో అది కర్మ.

కన్నవారికి చేసే సేవకు వెల కడితే ప్రేమ వ్యాపారమవుతుందని, దొంగ లబ్ధిదారులు పుట్టుకొస్తారని కొందరు అంటారు. దొంగలు ప్రతి పథకంలోనూ పుడతారు. పట్టుకోవడం ఉద్యోగుల పని. ప్రేమ మాట ఎత్తేవారిలో అత్తగారికి స్వయంగా స్నానం చేయించిన మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కేరళ 'ఆశ్వాసకిరణం' పేరిట మంచాన పడ్డవారిని, తీవ్ర వైకల్యం ఉన్నవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయల సాయం ప్రకటించింది. ఆ మొత్తం హాస్యాస్పదమే, కానీ చూసుకునే మనిషి అంటూ ఒకరున్నారని అక్కడి కాగితం ఒప్పుకుంది.

నిజానికి ఇక్కడ ప్రశ్న డిమెన్షియాతో ఆగదు, ఆడవారి పని అసలు పనేనా అన్నదాకా వెళ్తుంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి కువైట్ వెళ్లే ఆడవారు అక్కడి ఇళ్లలో పిల్లలకు, ముసలివారికి సేవ చేసి దినార్లు పంపుతున్నారు. ఆ డబ్బుతో ఇల్లు కడితే ఊరు మెచ్చుకుంటుంది. అదే చేతులు అదే పనిని సొంతింట్లో చేస్తే, ఆమె ఖాళీగా ఉంటోందని లెక్క.

మన ఉమ్మడి సంప్రదాయం గొప్పదని ప్రసంగించేవారికి ఒక మనవి. కొడుకులు చెన్నైలోనో బెంగళూరులోనో ఉండగా ఊళ్లో మిగిలిన ఆ సంప్రదాయంలో ఇప్పుడున్నది ఒక్క మనిషే. కోవూరు కోడలు రాత్రిపూట గేటుకు తాళం వేసి తాళంచెవిని కొంగుకు ముడివేసుకుని పడుకుంటుంది. కావలిలో సొంత చెల్లెలి కూతురి పెళ్లికి ముహూర్తం వేళకు వెళ్లి, భోజనానికి ఆగకుండా తిరిగి వచ్చింది.

ఆమెకు కావలసింది సన్మానం కాదు. నడవగలిగిన డిమెన్షియా రోగులకూ పెద్ద పింఛను వర్తించాలి, చూసుకునేవారికి వేరుగా భత్యం రావాలి, పగటిపూట నాలుగు గంటలు అవ్వను నమ్మి అప్పగించి వెళ్లగలిగే చోటు మండలానికి ఒకటైనా ఉండాలి. వీటికి బడ్జెట్ కావాలంటే వచ్చే ఏడాదిదాకా ఆగుదాం. ఖర్చులేని పని ఒకటుంది. వచ్చే ఒకటో తేదీన వేలిముద్ర అయ్యాక, ఆ ఉద్యోగి వసారాలోనే ఇంకో రెండు నిమిషాలు కూర్చుని, కోడలి వైపు తిరిగి "రాత్రిళ్లు నువ్వెన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పిన అంకెను రాసుకోవాలి.