సముద్రం మా ఊరికిచ్చిన ప్రమోషన్

ముందుగా ఓ శుభవార్త. మన రాష్ట్రానికి సముద్రతీరం పెరిగింది. చిన్నప్పుడు సోషల్ బుక్కులో 974 కిలోమీటర్లు అని బట్టీ పట్టాం కదా, ఈమధ్య కేంద్రం మళ్లీ కొలిపించి 1,053 అంది, దేశం మొత్తానికైతే 7,516 నుంచి ఏకంగా 11,098కి ఎగబాకింది. కొత్తగా ఎక్కడా సముద్రం తవ్వలేదు లెండి, పాతరోజుల్లో గీత సాఫీగా లాగేసేవారు, ఇప్పుడు ప్రతి వంపూ ప్రతి సందూ కొలుస్తున్నారు. ఇది చదివాక నాకు జ్ఞానోదయం అయింది. ఒడ్డు ఎంత వంకరటింకరగా ఉంటే తీరం అంత పొడుగన్నమాట. మరి మా ఊరి ఒడ్డుని సంద్రం పిల్లాడు జంతిక కొరికినట్టు ఎక్కడికక్కడ కొరుకుతోందంటే అది కోత ఎలా అవుతుందండీ, అభివృద్ధి అవుతుంది గానీ. శ్రీకాకుళం వాళ్లకి 193 కిలోమీటర్లుంది, వాళ్ల దర్జా వేరు, మా విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ వైపు ఉన్నదే 28, పెంచుకోవాలంటే ఇదొక్కటే దారి.

మా పిన్నిగారిల్లు నా చిన్నప్పుడు ఒడ్డు నుంచి నాలుగో వరస. ముందు మూడు వరసల ఇళ్లు, వాటి ముందు వలలు ఆరేసుకునే ఇసక తిప్ప, ఆ ముందు సరుగుడు తోట, ఆ తర్వాత పడవలు, ఆ తర్వాతెప్పటికో సంద్రం. ఇప్పుడు పిన్నిది ఫస్టు వరస. సిఫార్సు లేదు, లంచం లేదు, కూర్చున్న చోటే ప్రమోషన్. ముందు మూడు వరసల వాళ్లేమయ్యారని మాత్రం అడక్కండి, పైవాడు దిగితేనే కదా కిందోడికి ప్రమోషన్ వచ్చేది, కొందరు చుట్టాలిళ్లకి దిగారు, కొందరు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద కూలికి దిగారు.

భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఇటువైపంతా లేఅవుట్లే, ప్రతి బోర్డు మీదా 'బీచ్‌కి నడిచే దూరం' అని ఉంటుంది. ఎవరు నడుస్తారో మాత్రం రాయరు. మా ఊళ్లో అయితే బీచే నడిచొస్తుంది, పౌర్ణమికీ అమావాస్యకీ పోటెక్కువ కాబట్టి ఆ రెండ్రోజులూ కాస్త వడిగా నడుస్తుంది, అల్పపీడనం పట్టిందంటే పరుగే.

ఇంతకీ తప్పు సంద్రానిది కాదు, నేను దాని పక్షమే. పాపం దానికి ఏర్లు ఇసక రేషన్ ఇచ్చేవి. గోస్తని, చంపావతి తెచ్చి పోసేవి, కెరటాలు దాన్ని పట్టుకుని ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డెంట పంచుకుంటూ పోయేవి. ఇప్పుడు గోస్తనికి తాటిపూడి దగ్గర డ్యామ్ అడ్డం, చంపావతికి ఆండ్ర దగ్గర అడ్డం, అది దాటి వచ్చిందేమైనా ఉంటే రాత్రుళ్లు ట్రాక్టర్లు ఎత్తేస్తాయి. రేషన్ కార్డు తీసేస్తే ఎవరైనా ఏం చేస్తారు, పక్కింట్లో పడి తింటారు. ఆ పక్కిల్లు మాది, అంతే.

రాళ్ల గోడ కట్టండి అంటారు తెలివైనవాళ్లు. కట్టొచ్చు. మా ముందు గోడ వేస్తే మా ఊరాగుతుంది, ఆగిపోయిన ఇసక ఉత్తరాన ఉన్న ఊరికి అందక అది పోతుంది, ఆ ఊళ్లో మా చెల్లి అత్తారున్నారు. అంచేత గోడ వద్దని మేమే పెద్దమనసు చేసుకున్నాం (ఎవరూ కడతామనలేదనుకోండి, అది వేరే విషయం).

సాయం సంగతంటారా. విపత్తు సాయానికి ఓ జాబితా ఉంది, అందులో తుఫాను ఉంది, వరద ఉంది, కరువుంది, సునామీ ఉంది, ఆఖరికి చీడపురుగులు కూడా ఉన్నాయి, కోత లేదు. ఒక్క రాత్రిలో ఊరు పోతే విపత్తు, ముప్ఫై ఏళ్లు రోజుకింత పోతే అది మన అలవాటు. కాబట్టి సముద్రానికి నాదొకటే మనవి, తినేదేదో హుద్‌హుద్ తుఫానులా ఒక్కసారే తినమ్మా, బియ్యమైనా వస్తాయి.

రికార్డుల్లో మాత్రం మా ఊరికి ఏ లోటూ లేదు. నీళ్లలో ఉన్న సరుగుడు తోటకి ఇప్పటికీ సర్వే నంబరుంది, హద్దులున్నాయి, తూర్పున సముద్రం అని రాసుంది, పడమరన కూడా సముద్రమే అని ఎవరూ దిద్దలేదు. మొన్న సర్వేకొచ్చిన కుర్రాడు మిషను పట్టుకుని మోకాలి లోతు దాకా దిగి, ప్యాంటు తడిసింది చాల్లెమ్మని వెనక్కొచ్చేశాడు, సిగ్నల్ బాగానే వచ్చిందట.

మా పెదనాన్నది మొదటి వరసిల్లు, అంటే పాత మొదటి వరస. గోడలు పోయి నాలుగేళ్లయింది, ఇంటి పన్ను డిమాండు మాత్రం ఏటా ఠంచనుగా వస్తోంది. లేని ఇంటికి పన్నేంటి పెదనాన్నా, రాసి పారేద్దాం అన్నాను. ఆయన బీడీ ఆర్పి, డబ్బులు లెక్కెట్టి నా చేతిలో పెట్టాడు. "కట్టీసిరా బావూ. రసీదుంటే ఇల్లున్నట్టే గదేటి."