కాటా మీద కాపురం

మా వీధి పిల్లల్లో ఇద్దరు ఇప్పటికీ ఉదయం ఏడున్నరకల్లా బ్యాగులు తగిలించుకుని మా గేటు ముందు నిలబడుతున్నారు. వాళ్ల తప్పేం లేదు. అక్కడ పసుపుపచ్చ వ్యాను ఉంది. దాని వెనక ‘స్కూల్ బస్’ అన్న అక్షరాలు ఎంత గీకినా పోలేదు. ఓ తల్లి అయితే నన్ను ఆపి, ఈ నెల ఫీజు ఫోన్‌పే చేయొచ్చా అని అడిగింది. అది ఇప్పుడు స్కూలు వ్యాను కాదనీ, మా ఇల్లనీ ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నగరంలో ఫ్లాటు కొనలేని మధ్యతరగతికి క్యాంపర్ అనే చక్రాల మీది ఇల్లే శరణ్యమని నా నిశ్చితాభిప్రాయం. ఆస్తిపన్ను ఉండదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులు ఉండవు. పక్కింటాయన నచ్చకపోతే హ్యాండ్ బ్రేకు దించితే చాలు. పైగా ఇదేమీ పరాయి ఆలోచన కాదు. గూడు బండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, కింద లాంతరు వేలాడదీసుకుని జాతరలకు వెళ్లిన తాతలు మనకున్నారు. వాళ్ల బండికి ఇంజన్ ఆయిలు మార్చక్కర్లేదు, దారి పక్కన మేత దొరికితే చాలు.

ఇక 1982 సంగతి అందరికీ తెలిసిందే. ఎన్టీ రామారావుగారు పాత షెవర్లే వ్యానునొకదాన్ని మార్పించి, చైతన్యరథం అని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా చుట్టేశారు. మార్చిలో పార్టీ పెట్టారు, మరుసటి జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. మా బావమరిది ఈ ఒక్క ఉదాహరణతోనే నాచేత బండి కొనిపించాడు. “రామారావుగారంతటి వారికి పనికొచ్చింది బావా, నీకు పనికిరాదా?” అన్నాడు. నేను కొని పది నెలలైంది. ఇంకా నిజాంపేట చౌరస్తా దాటలేదు.

బండి కొన్న రోజు పదమూడు సీట్లు ఊడబీకాం. వాటి కింద రెండు టిఫిన్ డబ్బాలు, ఏడు సాక్సులు (అన్నీ ఎడమ కాలివే), మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఒకటి దొరికాయి. కార్డు మీద తండ్రి సంతకం ఉంది గానీ అది తండ్రి చేసింది మాత్రం కాదు. ఆ పిల్లాడికి మంచి భవిష్యత్తు ఉందనిపించింది.

తర్వాత వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్లుగా ఫ్లాట్లలో కప్‌బోర్డులు కొడుతున్న మనిషి. వ్యానులోకి తొంగి చూసి, “ఫ్లాటు లాంటిదే కదా సార్, కాస్త ఇరుకు” అన్నాడు. ఇంట్లో వాడే పందొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డే తెప్పించాడు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి దాదాపు ముప్పై అయిదు కిలోలు. పద్నాలుగు షీట్లు లోపలికి వెళ్లాయి, ఒక్కటీ బయటికి రాలేదు. వాటి కింద ఇనప ఫ్రేము. వంటగట్టు దగ్గర ఆయన పనాపి, గ్రానైట్ వేస్తేనే పని ముట్టుకుంటానన్నాడు. “రేప్పొద్దున ఎవరైనా చూస్తే ఏ మేస్త్రీ చేశాడని నన్ను తిడతారు సార్.” ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండ. నలుగురం మోశాం. యాభై అయిదు కిలోలు. మేస్త్రీ పరువు బరువు అందులో కలపలేదు.

అప్పుడు మా అమ్మ సిద్ధాంతిగారిని పిలిపించింది. ఆయన దిక్సూచి తీసి, ఇల్లు ఎటు చూస్తోందని అడిగారు. “ప్రస్తుతానికి ఉత్తరం. పాల వ్యాను వస్తే పడమరకు తిప్పుతాం” అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలో వెయ్యేళ్ల శాస్త్రం కొత్త సమస్యను ఎదుర్కొంటున్న ధ్వని వినిపించింది. నైరుతిలో బరువుండాలన్నారు ఆయన. వ్యాను మెకానిక్కేమో బరువంతా ముందు, వెనక ఇరుసుల మధ్యే ఉండాలి, నేలకు దగ్గరగా ఉండాలి, లేకపోతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కొట్టేసుకున్నారు. చివరికి సిద్ధాంతిగారే రాజీ కుదిర్చారు: బండి ఎప్పుడూ తూర్పు ముఖంగానే నడపాలి. చాలా సులువు. హైదరాబాద్ నుంచి విజయవాడ, అక్కణ్నుంచి మచిలీపట్నం దాకా మా వాస్తుకు ఢోకా లేదు. ఆ తర్వాత సముద్రం. తిరుగు ప్రయాణం మొత్తం రివర్సు గేరులో.

కరెంటు శాఖ మా బావమరిది తీసుకున్నాడు. పన్నెండు వోల్టులు, 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీ. గుణిస్తే 1,800 వాట్ అవర్లు. కానీ ఈ రకం బ్యాటరీని సగానికి మించి పిండితే త్వరగా చస్తుంది కాబట్టి చేతికొచ్చేది 900. టన్ను ఏసీ గంటకు వెయ్యికి పైనే తాగుతుంది. అంటే మే నెల రాత్రి పదింటికి ఏసీ వేస్తే పదీ యాభై కాకుండానే ఆఖరి చల్లగాలి. మావాడు రెండో బ్యాటరీ తెచ్చాడు. రెండూ కలిపి నూట ఇరవై కిలోలు, పదకొండున్నర దాకా సుఖనిద్ర. ఆ తర్వాత అందరం బండి దిగి రోడ్డు పక్కన దుప్పటి వేసుకోవచ్చు, గాలి బాగా వస్తుంది. పైకప్పు మీద సోలార్ ప్యానెల్ కూడా పెట్టించాడు. ప్యానెల్‌కు ఎండ కావాలి, లోపలి మనుషులకు నీడ కావాలి. అందుకని బండిని సగం చెట్టు కింద, సగం ఎండలో పెట్టి, పొద్దు జరిగినప్పుడల్లా ముందుకూ వెనక్కూ జరపాలి. ఆ జరపడానికి డీజిలు కావాలి.

ఇంతలో మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. “ఎక్కడో అడవి పక్కన ఆపుకుంటాం సరే, కరివేపాకు అయిపోతే?” ఈ మొత్తం ఇంటిని, వంటగట్టుతో సహా, ఊళ్లోకి తోలుకెళ్లాలి. కాబట్టి వెనకాల చిన్న బండి ఒకటి లాక్కెళ్లాలి. మా క్యాంపర్‌కు టోయింగ్ వాహనంగా పదోన్నతి లభించింది కరివేపాకు వల్లే.

మొదట మా పాత ఆల్టోని లాక్కెళ్దామన్నాడు మావాడు. చెడిపోయిన బండినో, రిజిస్టరైన ట్రైలర్‌నో తప్ప నడుస్తున్న కారును అలా కట్టి లాగడానికి మన నిబంధనలు ఒప్పుకోవని చెప్పాను. “ఆల్టో నడుస్తోందని నీకెవరు చెప్పారు బావా?” అన్నాడు. చట్టంలో ఇంత కచ్చితంగా ఇమిడిపోయిన వాహనం మా ఇంట్లో అదొక్కటే. కాకపోతే చెడిపోయిన బండిని లాగేటప్పుడు గంటకు పాతిక కిలోమీటర్లు దాటకూడదు. శ్రీశైలం 215 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటల పైమాటే. దారిలో నల్లమల అడవి గేట్లు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. పైగా అంత దూరం ఈడ్చుకెళ్లిన ఆల్టో అక్కడ కరివేపాకుకు ఎలా కదులుతుందన్నది మా ఆవిడ రెండో ప్రశ్న.

దాంతో ట్రైలర్ చేయించాం. దాని మీద స్కూటీ, పట్టెమంచం, కూలరు, మా అమ్మ కూరగాయల బుట్ట. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలని వెల్డింగ్ అయ్యాక తెలిసింది. ట్రైలర్ బరువులో పదో వంతైనా హుక్కు మీద పడాలనీ, వెనకవైపు ఎక్కువైతే రోడ్డు మీద పాములా ఊగుతుందనీ మెకానిక్ చెప్పాడు. మా ట్రైలర్ లెక్కన హుక్కు మీద పడే ఆ డెబ్బై కిలోలూ మళ్లీ వ్యాను ఖాతాలోకే వస్తాయి. మా ఆవిడ ఈ అంకె విని, గోడ క్యాలెండర్ వెనక ఏదో రాసుకుంది.

ఇక చట్టం. క్యాంపర్ వ్యానును చట్టం కాదనలేదు, ప్రైవేటు వాహనాల్లో దానికంటూ ఒక తరగతే ఉంది. కాదనేది, కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడాన్ని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మా మార్పులు లెక్కపెడితే పదకొండు తేలాయి. జరిమానా సంగతి ఎలా ఉన్నా, రెండో మార్గం నన్ను ఆకర్షించింది. ఆరు నెలలు ఇంటికి దూరంగా, అద్దె లేకుండా, వంట బాధ్యత లేకుండా, ఫోన్లు రాని చోట. క్యాంపర్‌తో నేను కోరుకున్నదీ అదే. ప్లైవుడ్డు లేకుండానే దొరుకుతుందని ముందే తెలిస్తే బాగుండేది.

మొన్న ఆదివారం మొదటి యాత్రకు బయల్దేరాం. అమ్మ, నేను, మా ఆవిడ, అబ్బాయి, బావమరిది. ట్యాంకులో రెండొందల లీటర్ల నీళ్లు, గ్యాసు బండ, ఫ్రిజ్జు, రెండు పరుపులు, ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, ఎందుకైనా మంచిదని పాతిక కిలోల బియ్యం. వీధి చివర మలుపులో గ్రానైట్ కిందనుంచి ఒక మూలుగు వినిపించింది. మా ఆవిడ బండి ఆపించింది.

“ఇది ఎంత మోస్తుందో ఆర్‌సీలో ఉంటుంది. చూశారా?”

పది నెలల్లో మేస్త్రీ చూడలేదు, సిద్ధాంతిగారు చూడలేదు, బావమరిది చూడలేదు, నేను చూడలేదు. సర్దుకున్న బండిలో ఆర్‌సీ వెతకడానికి అరగంట పట్టింది. బియ్యం బస్తా కింద దొరికింది. ఖాళీ బరువు 2,350. నిండు బరువు 3,500.

బాచుపల్లి వైపు ఇసుక లారీలు తూచే కాటా ఒకటుంది. రెండు టిప్పర్ల మధ్య మా ఇల్లు వరసలో నిలబడింది. వెనక లారీ డ్రైవరు దిగొచ్చి, కిటికీ కర్టెన్ల వంక చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. కాటా ఎక్కాం. గాజు గదిలో కూర్చున్న కుర్రాడు స్క్రీన్ మీదనుంచి తల ఎత్తకుండా, “3,980. మెటీరియల్ ఏంటి సార్?” అన్నాడు.

“సంసారం” అన్నాను.

కుర్రాడు మౌసు పైకీ కిందికీ తిప్పాడు. “ఆ ఆప్షన్ లేదు సార్. ఇసుక, కంకర, ఇటుక, స్క్రాప్, ఇవే ఉన్నాయి.” అప్పుడు తల ఎత్తి మా వైపు చూశాడు. సగం గీకిన అక్షరాలు, మీద సోలార్ పలక, వెనక ట్రైలర్ మీద స్కూటీ, ట్రైలర్ ఊగకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డ మా బావమరిది. ఒక నిమిషం ఆలోచించి మీట నొక్కాడు. యాభై రూపాయలు తీసుకుని స్లిప్పు చేతిలో పెట్టాడు. అందులో ఏం రాసుందో చదివి మా ఆవిడ మడిచి పర్సులో పెట్టుకుంది.

కిటికీలోంచి మా అమ్మ తొంగి చూసింది, ఒళ్లో ఆవకాయ జాడీ అలాగే పట్టుకుని.

“ఊరొచ్చిందా నాయనా?”