కార్బన్ కన్నా టైరుకి ఖాళీ ముఖ్యం
గ్రావెల్ బైక్ (తారురోడ్డు మీదే కాక మట్టి, కంకర బాటల్లోనూ తొక్కే సైకిల్) కొనేటప్పుడు ముందు ఫ్రేమే చూడాలి, బడ్జెట్ ఉంటే కార్బన్ ఫైబర్ ఫ్రేమే తీసుకోవాలి అని ఒక వ్యాసంలో రాసిన మాట మా విశాఖలో తొక్కేవాళ్లకి అంతగా కుదరదు. ఫ్రేమ్ ఏదైనా సరే, అందులో 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టాలి, పట్టాక చుట్టూ మట్టికి కాస్త ఖాళీ మిగలాలి. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా ఏ టైరైనా పోతుంది. వాన పడ్డాక రోడ్డు దిగి తోటల మధ్య ఎర్రమట్టి బాటలో వెళ్లి చూడండి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర మట్టి పేరుకుపోయి చక్రం మొరాయిస్తుంది. ఇక గేర్లంటారా, సింహాచలం ఘాట్, కైలాసగిరి ఎక్కాలంటే పెడల్ దగ్గరి చక్రానికి 40 పళ్లుంటే వెనక పెద్ద గేరుకి 42 అయినా ఉండాలి, లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి. నాది మామూలు అల్యూమినియం ఫ్రేమే. మిగిలిన డబ్బు ట్యూబ్ లేకుండా, ముల్లు గుచ్చిన చిన్న రంధ్రాన్ని లోపలి ద్రవమే మూసేసే ట్యూబ్‌లెస్ టైర్లకి పెట్టాను, తుమ్మముళ్ల టెన్షన్ చాలావరకు పోయింది. పైగా ఇక్కడి ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి చైనూ బోల్టులూ, వాటిని కార్బన్ ఫ్రేమ్ కాపాడదు కదా! అన్నట్టు, ఎర్రమట్టి దిబ్బలు చూడగానే ఎవరికైనా బైక్ దించాలనిపిస్తుంది గానీ అది జియో హెరిటేజ్‌గా, అంటే కాపాడుకోవాల్సిన భూవారసత్వంగా గుర్తించిన చోటు, అక్కడ మాత్రం తొక్కకండి.