ఉత్త ఫ్లాష్‌ను పునరుద్ధరించాలి

డిజిటల్ కెమెరా వచ్చాక దేశం బాగుపడిందని అందరూ అంటున్నారు కాబట్టి, ఎవరో ఒకరు కాదనక తప్పదు. పెళ్లి ఫోటోగ్రాఫర్ అనే న్యాయస్థానాన్ని మనం చేజేతులా మూసేసుకున్నాం.

అప్పట్లో ఫిల్ము రీలుకు 36 ఫోటోలు. పొదుపుగా ఎక్కిస్తే 37. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు పోగా మిగిలినవాటికోసం రెండువైపుల చుట్టాలూ స్టేజీ మెట్ల మీద వరస కట్టేవారు. ఎవరికి నిజం ఫోటో, ఎవరికి ఉత్త ఫ్లాష్ అన్నది ఫోటోగ్రాఫర్ ఒక్క చూపులో తేల్చేవాడు. మేనమామకు నిజం. నూటపదహార్లు చదివించి నలుగురు పిల్లలతో ఎక్కిన దూరపు చుట్టానికి ఉత్తది. ఫ్లాష్ గన్ వెనక చిన్న బొత్తం ఉండేది. అది నొక్కితే వెలుగు వచ్చేది, రీలు మాత్రం కదిలేది కాదు. ఆ చుట్టమూ కళ్లు మూసుకునేవాడు, వాళ్లావిడా పమిట సర్దుకునేది, తృప్తిగా భోజనాలకు దిగేవారు. ఆర్నెల్ల తర్వాత ఆల్బమ్ తిప్పుతూ "మాదేదమ్మా?" అంటే, "ఆ రీలుకి లైటు తగిలిందట అన్నయ్యా" అనేవాళ్లు. ఎవరి మనసూ నొచ్చేది కాదు.

ఈ మర్యాదకు గొయ్యి తీసింది సాక్షాత్తూ కోడాక్ కంపెనీయే. 1975లో అక్కడ స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజినీరు ఫిల్ము అక్కర్లేని కెమెరా తయారుచేశాడు. 0.01 మెగాపిక్సెల్, నలుపు తెలుపు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. ఫిల్ము అమ్ముకుని బతికే ఇంట్లో అలాంటి బిడ్డ పుడితే ఏ పెద్దలు మాత్రం ఊరంతా చాటుకుంటారు? 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఊటీలో మన ప్రభుత్వమే 'ఇందు' పేరుతో ఫిల్ము చేసేది, ఆ ఫ్యాక్టరీ కూడా పోయింది.

ఇప్పుడు అందరికీ సమాన హక్కులు. దూరపు చుట్టానికీ అయిదు క్లిక్కులు, "ఇంకోటి సార్, బాబు ఇటు చూడలేదు" అంటూ ఆరోది. పైన డ్రోను. వేల ఫోటోలు హార్డ్‌డిస్క్‌లోకి, హార్డ్‌డిస్క్ బీరువాలోకి, పట్టుచీరల కిందికి. మా వీధిలో ఒక జంటకు స్టూడియో కుర్రాడు ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు: "సార్, ఆల్బమ్‌కి సెలెక్షన్ పంపలేదు." ఆ చుట్టం ఆరు ఫోటోల్లోనూ ఉన్నాడు. ఆరూ ఎవరూ చూడలేదు. ఉత్త ఫ్లాష్ అయితే కనీసం డిస్కులో చోటు మిగిలేది.

కాబట్టి పెళ్లి కార్డుల్లోనే ఎవరెవరికి నిజం ఫోటో అన్నది అచ్చు వేయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అలిగేవాళ్లు అక్కడే అలుగుతారు, భోజనాల లెక్కా తేలుతుంది.

ఆ జంట మొన్న అన్నప్రాశనకూ ఆ కుర్రాడినే పిలిచారు. పెళ్లి సెలెక్షన్ సంగతి ఎత్తకుండా వచ్చాడు. వెళ్తూ వెళ్తూ, "ఈసారి పెద్ద హార్డ్‌డిస్క్ కొని ఉంచండి సార్" అన్నాడు.