ముందు ఇంటిపేరు అడగొద్దు

కొత్త మనిషి మన చర్చి గుమ్మం ఎక్కగానే మన వైపు వరసగా వచ్చే ప్రశ్నలు మూడు. ఏ ఊరు? ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి? అడిగేవాళ్ల మనసులో కల్మషం లేకపోవచ్చు. కానీ ఒంగోలు, నెల్లూరు పల్లెల్లో ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమేనని వినేవాడికి తెలుసు. జవాబు చెప్పేలోపే తాను ఎక్కడ కూర్చోవాలో లెక్క వేసుకుంటాడు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ని కింద కూర్చోబెట్టే సంఘాన్ని బైబిల్లోని యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం, రెండో అధ్యాయంలో గట్టిగా గద్దించింది. మన దగ్గర ఆ ఉంగరం చేసే పనిని ఇంటిపేరు చేస్తోంది.

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం మొదటి వచనం సహోదర ప్రేమ గురించి, రెండోది ఆతిథ్యం గురించి. ఆతిథ్యం అని మనం చదువుకునే చోట గ్రీకులో ఉన్న మాట ఫిలోక్సేనియా, అంటే పరాయివాడి మీద ప్రేమ. సహోదర ప్రేమకు మన సంఘాల్లో లోటు లేదు. పక్క ఊరి పాస్టరుగారొస్తే నాటుకోడి కోస్తాం, క్రిస్మస్‌కు ఇల్లంతా బంధువులే. మంచిదే. కానీ లూకా సువార్త 14లో ప్రభువు విందుకు పిలవమన్నది మనల్ని తిరిగి పిలవలేనివాళ్లను. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికొచ్చిన బయటి రాష్ట్రాల కుర్రాళ్లు, ఇటుక బట్టీల దగ్గర పాకల్లో ఉండే ఒడిశా కుటుంబాలు, నెల్లూరు ఆసుపత్రుల వరండాల్లో రోగి కోసం కాపలా పడుకునే మనుషులు అలాంటివాళ్లే. కనిగిరి వైపు నుంచి ఎన్నో కుటుంబాలు హైదరాబాదు, బెంగళూరు పనులకు పోతున్నాయి. తెలియని ఊళ్లో మొదటి ఆదివారం ఎలా గడుస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గుమ్మం దగ్గర ఇద్దరు చాలు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. చెప్పులు ఎక్కడ విడవాలో, ఆడవాళ్లు ఎటు కూర్చుంటారో, నీళ్లు ఎక్కడున్నాయో వాళ్లు చెప్పాలి. "ఎక్కడ దిగారు? భోజనం సంగతేంటి? ఎన్నాళ్లుంటారు?" ఈ మూడూ అడిగితే కావలసినదంతా తెలుస్తుంది. "రక్షణ పొందారా?" అన్నది మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న కాదు. గుమ్మం పక్క రెండు వరసలు పాతవాళ్లు ఖాళీగా వదలాలి. ఆలస్యంగా వచ్చిన కొత్తవాడు అందరి ముందూ నడిచి వెళ్లాల్సి వస్తే వచ్చే ఆదివారం రాడు. "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అని మైకులో పిలవడం ఇంకా పెద్ద పొరపాటు. తల మీద ముసుగు లేని అమ్మాయిని వెనక నుంచి తట్టి చెప్పడమూ అంతే. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉన్న రోజున ఎవరు తీసుకుంటారో, మిగతావాళ్లు కూర్చుని ఎలా ప్రార్థించుకోవచ్చో ముందే అందరికీ కలిపి చెప్పేస్తే, పళ్లెం దగ్గరికి వచ్చాక ఒకరిని ఆపాల్సిన అవస్థ ఉండదు.

ఇక ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనం. మొదటి బంతి పాస్టరుగారికి, పెద్దలకు అన్నది మన అలవాటు. దాన్ని తిప్పేయాలి. పరాయివాళ్లు మొదటి బంతిలో, కమిటీ చివరి బంతిలో. ఇద్దరు కొత్తవాళ్ల మధ్య ఒక ఊరివాడు కూర్చోవాలి, లేకపోతే వాళ్లంతా ఒక మూల చేరతారు. అందరికీ ఒకే రకం విస్తరి, ఒకే రకం గ్లాసు. ఒకరికి స్టీలు పళ్లెం, మరొకరికి కాగితం పళ్లెం వేస్తే, కులాన్ని బట్టి వేరే గ్లాసు ఇచ్చే టీ కొట్టును చూసిన మనిషికి దాని అర్థం వేరే చెప్పాలా? ఎవరు ఏం తింటారో తెలియనప్పుడు పప్పు, కూర, పెరుగు ఉంచి, మాంసం విడిగా అడిగి వడ్డించడం క్షేమం.

ఖర్చు భయం చాలా సంఘాలను ఆపుతోంది. రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన పెడితే, పిడికెడు 40 గ్రాములనుకున్నా, ఇంటికి నెలకు కిలో రెండొందల గ్రాములు. 50 ఇళ్లు కలిస్తే 60 కిలోలు. ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు మనిషికి 200 గ్రాముల లెక్కన 300 భోజనాలు. ఇక్కడ ఒక జాగ్రత్త: రేషన్ బియ్యం, సన్న బియ్యం ఒకే డబ్బాలో పడితే ఒకటి చిమిడేసరికి ఇంకొకటి పలుకు మీద ఉంటుంది. రెండు డబ్బాలు పెట్టాలి. నెలల తరబడి నిలవ ఉంచితే పురుగు పట్టొచ్చు.

ఆసుపత్రికి క్యారేజి పంపేవాళ్లు రోగికి వండుతారు, కానీ రోగి తిండి డాక్టరు చెప్పినట్టు ఉండాలి. ఆకలితో ఉండేది పక్కన ఉన్న మనిషి. ఎండాకాలంలో పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది కాబట్టి వేడి తగ్గిన అన్నంలో పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి పంపాలి. ప్రార్థన వాళ్లడిగితేనే, అదీ పక్క మంచం వాళ్లకు ఇబ్బంది లేని గొంతుతో.

అడిగితేనే అనడానికి బలమైన కారణం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. బాప్తిస్మం అడిగేవాళ్లు వేలల్లో ఉన్నా, కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆగాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యనే మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆగిన ఆ నెలల గురించి పిల్లలకు చెప్పం. సహాయం ప్యాకెట్టుతోపాటు సభ కరపత్రం పెట్టేవాళ్లు ఆ నెలలను గుర్తుచేసుకోవాలి. "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అని ప్రభువు అన్న మాటకు ముందూ వెనకా ఏ షరతూ లేదు.

షరతు లేదంటే జాగ్రత్త వద్దని కాదు. తొలి సంఘం నాటి దిదకే అనే గ్రంథం బాటసారిని రెండు మూడు రోజులకు మించి ఉంచుకోవద్దని, అక్కడే స్థిరపడతానంటే పని చూపించమని చెప్పింది. ఈ కొలత ఇప్పటికీ సరిపోతుంది. ఆడవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లో తెలియని మగమనిషికి బస ఇవ్వొద్దు. మందిరం గదిలో ఉంచి, ఆధార్ చూసి, ఇద్దరు పెద్దలకు చెప్పాలి. డబ్బు చేతికివ్వడం కన్నా టికెట్టు కొనివ్వడం మేలు.

ఇటుక బట్టీ పని వానలకు ముందు ముగుస్తుంది. కుటుంబాలు వెళ్లే తేదీ వారం ముందే కనుక్కుంటే రైలుకు పులిహోర కట్టొచ్చు. చింతపండు పులుపుకు మర్నాటి ఉదయం దాకా చెడదు. పిల్లలకు రెండు పొట్లాలు ఎక్కువ కట్టండి.