చెరువు ఎవరిదో బాధ్యతా వారిదే

ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టు మీద కరెంటు షాక్ కొట్టినా, కోనసీమలో దారి మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టు ఎవరి మీదైనా పడినా, ఫంక్షన్ హాల్లో రెయిలింగ్ ఊడి మేడ మీంచి ఎవరైనా జారినా ఆ తరవాత జరిగే తంతు దాదాపు ఒకటే. గాయపడిన మనిషిని గబగబా ఆసుపత్రికి తెస్తారు. డ్యూటీ డాక్టరు ఎలా తగిలిందని అడుగుతారు. పేషెంటు నోరు విప్పేలోపే వెంట వచ్చినాయన "ఇంట్లో జారిపడ్డాడండీ" అంటాడు. కేసు షీటులో అదే ఎక్కుతుంది. నాలుగు రోజులు పోయాక ప్రెసిడెంటు గారి అరుగు మీదో, రామాలయం దగ్గరో పెద్దలు కూర్చుంటారు. ఖర్చులకని యజమానితో కొంత డబ్బు ఇప్పించి, కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయించుకుంటారు. మహానుభావుడు, ఆ మాత్రమైనా ఇచ్చాడని ఊరు అనుకుంటుంది.

ఆ మంచితనాన్ని మేం చిన్నచూపు చూడటం లేదు. అర్ధరాత్రి సొంత బండిలో కూలీని ఆసుపత్రికి చేర్చి, తెల్లవార్లూ కాపలా ఉన్న రైతులు ఈ డెల్టాలో ఎందరో ఉన్నారు. కానీ ఇచ్చింది దానమని, అడగడం తప్పని అందరూ నమ్ముతున్నంత కాలం నడుం విరిగి మంచాన పడ్డ మనిషి ఏడాది తిరిగేసరికి మందుల డబ్బుకోసం అదే గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అది అతనికి చట్టప్రకారం రావలసిన సొమ్ము. ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లు లేరు.

ఒక చోట ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ చోటు నడిపేవారిదే బాధ్యత అని చెప్పడానికి మన దేశంలో విడిగా ఒక చట్టం లేని మాట నిజమే. ఇంగ్లండ్ 1957లోనే చేసుకుంది. మనకు కోర్టు తీర్పులే ఆధారం. ఆ తీర్పులు మాత్రం గట్టివి. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిలోకి ఇరుగుపొరుగు వస్తున్నారని దారికి అడ్డంగా పైన తొడుగు లేని రాగితీగ కట్టి కరెంటు పెట్టాడు. హెచ్చరిక బోర్డు కూడా లేదు. తమ ఇంటి మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో అటు వెళ్లిన పక్కింటి మహిళ ఆ తీగ తగిలి చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చింది కాబట్టి తన తప్పు లేదన్నాడాయన. 1963లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి శిక్షను ఖాయం చేసింది. చెప్పకుండా చొరబడినంత మాత్రాన మనిషి ప్రాణానికి చట్టం రక్షణ లేకుండా పోదని ఆ తీర్పు సారాంశం. దొంగల భయంతోనో, పందుల బెడదతోనో చెరువు చుట్టూ, చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నవారికి ఈ తీర్పు సంగతి ఎవరైనా చెప్పాలి. అడ్డదారిన చేపలు పట్టబోయిన కుర్రాడు చనిపోతే "వాడెవడు రమ్మన్నాడు?" అని తప్పించుకునే వీలు ఈ దేశంలో అరవై ఏళ్లుగా లేదు.

పిలిస్తేనో, పని మీదో వచ్చినవాడి విషయంలో బాధ్యత ఇంకా ఎక్కువ. చెరువులో రొయ్యల పట్టుబడికి వచ్చిన కూలీ, మేత బస్తాలు దించే హమాలీ, పెళ్లికొచ్చిన చుట్టం వీళ్లందరికీ ఆ చోటు ప్రమాదం లేకుండా ఉండేలా చూడాల్సింది దాన్ని నడిపేవారే. ఇక్కడే మన ప్రాంతంలో పెద్ద తిరకాసు ఉంది. భూమి ఒకరిది, ఆ రైతు ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటారు. చెరువు లీజు ఇంకొకరిది. మోటార్లు, నీటికి గాలి అందించే ఏరేటర్లు చూసుకునేది మూడో మనిషి. ప్రమాదం జరగ్గానే ముగ్గురూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కోర్టు ముందుగా చూసేది పాసుపుస్తకంలో పేరు కాదు, ఆ రోజు ఆ చోటు ఎవరి అదుపులో ఉందన్నది. లీజుకు ఇచ్చేశాం కదా అని భూయజమాని అన్నిసార్లూ తప్పించుకోలేరు కూడా. పాడైన గోడ, కూలబోతున్న షెడ్డు అప్పగించి ఉంటే ఆ లోపం ఆయన మెడకూ చుట్టుకుంటుంది.

విద్యుత్ సంస్థలకూ మినహాయింపు లేదు. మధ్యప్రదేశ్‌లో రాత్రి వానలో సైకిల్ మీద ఇంటికి వెళుతున్న కార్మికుడు నీళ్లలో తెగిపడి ఉన్న తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా లాగిన తీగ అది, మాకేం సంబంధం అంది విద్యుత్ బోర్డు. అంత ప్రమాదకరమైన సరఫరా నడిపేవారు ఆ సాకు చెప్పి తప్పించుకోలేరని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో కూలిన గడియార స్తంభం కేసులో 1966లో ఇచ్చిన తీర్పూ ఇలాంటిదే. రోడ్డు పక్క కట్టడంలో లోపం పైకి కనబడకపోయినా దాని యజమానే బాధ్యుడని చెప్పింది. పాలకొల్లు, నరసాపురం పాత బజార్లలో పెచ్చులూడుతున్న బాల్కనీల కింద నడిచేవారికి ఈ తీర్పు అవసరం ఎంతో ఉంది.

దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు, మరణమైతే రెండేళ్లే. టికెట్టు కొని వెళ్లిన సినిమా హాల్లోనో, అద్దె కట్టిన కల్యాణమండపంలోనో దెబ్బ తగిలితే సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. బాధితుడి అజాగ్రత్త కూడా ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. అది న్యాయమే. ఎకరం చెరువు లీజుకు చేసే చిన్న రైతు నుంచి చట్టం ఆశించేది తగినంత జాగ్రత్తనే.

రాజీ వద్దని మేం అనడం లేదు. కోర్టు మెట్లెక్కి ఏళ్లపాటు తిరగడం కూలిమనిషికి ఎంత టెన్షనో తెలుసు. రాజీ ఎక్కడ రాసుకుంటున్నామన్నదే ముఖ్యం. అరుగు మీద రాసిన కాగితం ప్రకారం రెండో విడత డబ్బు రాకపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అదే ఒప్పందం న్యాయసేవాధికార సంస్థ లోక్ అదాలత్‌లో జరిగితే కోర్టు ఇచ్చే తీర్పుతో (డిక్రీతో) సమానం. దావా వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇంకో మాట: నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయిన క్రిమినల్ కేసును పెద్దలు కూర్చుని మాఫీ చేయడం చట్టం ఒప్పుకోదు. న్యాయసేవా వాలంటీర్లు ఏరియా ఆసుపత్రుల్లో కూర్చోవాలని, గాయం ఎక్కడ ఎలా అయిందో పేషెంటు నోటితోనే చెప్పించి నమోదు చేయించాలని కోరుతున్నాం. ఆ ఒక్క వాక్యం తప్పు పడితే తరవాత ఏ లాయరూ కేసును నిలబెట్టడం కష్టం.

ప్రమాదం జరగకుండా ఆపే అధికారం కూడా ప్రభుత్వం చేతిలో ఉంది. క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద దారి పక్క చెరువుకు, గోతికి కంచె వేయించమని, కూలబోయే గోడను, చెట్టును తీయించమని ఆర్డీవో స్థాయిలోనే ఆదేశించవచ్చు. ఊరి రోడ్డుకు రెండు పక్కలా నిండు చెరువులు, మధ్యలో మలుపు, ఒక్క రాయి కూడా అడ్డం లేని చోట్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి. వానలు మొదలయ్యేలోగా కలెక్టర్లు మండలాలవారీగా అలాంటి చెరువుల జాబితా తయారు చేయించాలి. ఆక్వా లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే బ్రేకరు ఉందా, బయటి మనుషులకు వర్తించే బీమా ఉందా అని ప్రభుత్వం చూడాలి. ఆ రెండూ లేని చెరువుకు అనుమతి ఇవ్వకూడదు.