సబ్బు ముక్క మీద నిలబడిన ఇల్లు

అరిగిపోయిన సబ్బు ముక్కను పారేయకుండా కొత్త సబ్బు వీపుకు అతికించాలట. అలా చేస్తే ఇంటి లోను గడువు కంటే ముందే తీరిపోతుందట. ఈ బ్రహ్మరహస్యాన్ని నాకు ఉపదేశించిన మహానుభావుడు నా తోడల్లుడు, మా నల్లగొండ మాటలో చెప్పాలంటే షడ్డకుడు. హైదరాబాదులో ఉంటాడు. కారులో వస్తాడు. వచ్చిన ప్రతిసారీ మా దరిద్రానికి ఒక మందుచీటీ రాసిచ్చి, పొట్టేలు కూర తిని వెళ్తాడు.

ఈసారి మందుచీటీ అచ్చులో వచ్చింది. నాలుగు పేజీలు, రంగుల్లో, 41 సూత్రాలు. ఇంత ఖర్చు ఎందుకన్నా అని అడిగితే ఆఫీసు ప్రింటరులో తీశానన్నాడు. పొదుపు అక్కడే మొదలైందన్నమాట. సబ్బు ముక్కది మొదటి సూత్రం. టూత్‌పేస్టు గొట్టాన్ని చపాతీ కర్రతో ఒత్తడం, షాంపూ సీసాలో నీళ్లు పోసి గిలకొట్టడం ఆ తర్వాతివి. చదువుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మ జీవితమంతా సబ్బు ముక్కలు అతికించింది. మా నాయనమ్మ అయితే సబ్బే కొనలేదు, సున్నిపిండితోనే కానిచ్చింది. ఈ సిద్ధాంతం ప్రకారం ఆమెకు గడియారం స్తంభం దగ్గర ఏడంతస్తుల మేడ ఉండాలి. పోయేనాటికి ఆమె పేర ఉన్నవి రెండు ఇత్తడి బిందెలు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. కాబట్టి సబ్బు ముక్కను అవహేళన చేయకుండా శాస్త్రోక్తంగానే పరిశీలించాను. సబ్బు 40 రూపాయలు. పారేసే ముక్క అందులో పదోవంతు అనుకుంటే 4 రూపాయలు. మా ఇంట్లో నెలకు మూడు సబ్బులు, అంటే మిగులు 12 రూపాయలు. ఆయన పట్టికలో ఉదాహరణగా ఇచ్చిన అప్పు 25 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు, నెలవాయిదా 21,696 రూపాయలు. ఆ వాయిదాతో పాటు ఈ 12 రూపాయలు కూడా నెలనెలా తప్పకుండా కడుతూ పోతే, 240 నెలల తపస్సు ఫలించి, అప్పు పది రోజుల ముందు తీరుతుంది.

పది రోజులు! 720 ముక్కలు అతికించిన మనిషికి పది రోజుల విముక్తి. అది కూడా మధ్యలో ఎప్పుడో అతుకు ఊడి, ముక్క పాదం కిందికి చేరి, తుంటి ఎముక విరగకుండా ఉంటేనే.

పెద్దమనిషిని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. అదే అప్పు మీద నెలకు 1,000 రూపాయలు ఎక్కువ కడితే సుమారు 25 నెలలు కలిసివస్తాయి, వడ్డీలో 3.3 లక్షల దాకా మిగులుతుంది. నేనే వేసి చూశాను. మొదటి నెల కట్టే 21,696లో 17,708 వడ్డీకే పోతుంది కనుక, తొలి ఏళ్లలో అసలు మీద వేసే ప్రతి దెబ్బా గట్టిగా తగులుతుంది. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో ఒక నీడ ఉంది. పొద్దు తూర్పు నుంచి పడమరకు ఎంత నడిచినా ఆ నీడ ఉన్నచోటి నుంచి కదలదు. ఇంటి లోనులో అసలు సొమ్ము ఎలా ఉంటుందో కందూరు చోళుల శిల్పులు అప్పుడే ఊహించి చెక్కి పెట్టారని నా అనుమానం. దాన్ని కదిలించాలంటే ఆ వెయ్యి కావాలి, నిజమే. ఎక్కడుంది ఆ వెయ్యి? మా షడ్డకుడికి తెలుసు. మా వంటింట్లో ఉందట.

పచ్చిపులుసు చేసుకోండి, గ్యాసు ఆదా అవుతుంది అని తొమ్మిదో సూత్రం. పచ్చిపులుసుకు పొయ్యి అక్కరలేదన్న సంగతి తెలంగాణ వాళ్లకు అచ్చువేసి చెప్పిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు. పదిహేడోది, నీళ్ల క్యాను మానేయండి. ఈ మాట నల్లగొండలో అనడానికి నోరెలా వచ్చిందో! నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి ప్రపంచమంతా మా ఊరి పేరే పెట్టుకుంది, నల్లగొండ టెక్నిక్ అని. మర్రిగూడ, చండూరు వైపు నడుము వంగిపోయిన మనుషులు ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి పొదుపు చేసినవాళ్లే. పటిక వేస్తే అప్పు కూడా అడుగుకు దిగుతుందేమో ఒకసారి చూడమని ఆయనకు చెప్పాలనుకున్నాను. అప్పటికే ముక్క కొరుకుతున్నాడు, ఊరుకున్నాను.

సరే, శాస్త్రం తెలిశాక ఆచరించాలి కదా. నెల తిరిగేసరికి సబ్బు మిగులు 12 రూపాయలను, ఇరవై మూడో సూత్రం ప్రకారం దాచిపెట్టిన పాత శుభలేఖ కవరులో వేసుకుని బ్యాంకుకు వెళ్లాను. మంగళవారం అప్పు తీరిస్తే మళ్లీ అప్పు పుట్టదంటారు పెద్దలు. కాబట్టి మంగళవారమే వెళ్లాను.

"ఎంత సార్?" అన్నాడు రెండో కౌంటరు గుమాస్తా, కవరు మీది గణపతిని చూస్తూ.

"పన్నెండు."

"వేలా?"

"రూపాయలు. ఇంటి లోనులో, అసలుకు జమ చేయండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను పై అంతస్తుకు పంపాడు. పైన ఉన్న అధికారి ముందస్తు చెల్లింపుకు దరఖాస్తు కావాలని, ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు జిరాక్సు జత చేయాలని చెప్పాడు. కిందికి దిగి, రోడ్డు దాటి, 4 రూపాయలు ఇచ్చి జిరాక్సులు తీయించి పైకి వచ్చాను. దరఖాస్తులో ఒక గడి ఉంది, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అని. "సబ్బు" అని రాశాను.

"సబ్బుల వ్యాపారమా సార్?"

"కాదు. అతికింపు."

మేనేజరును పిలిచారు. ఆయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. ముందే తీరుస్తున్నందుకు జరిమానా ఏమైనా పడుతుందా అని అడిగాను. తెలియక కాదు, ఆయన నోట వినాలని. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోనుకు వ్యక్తుల దగ్గర అలాంటిదేమీ తీసుకోకూడదని 2012లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పిందని, నిర్భయంగా కట్టుకోవచ్చని ధైర్యం చెప్పాడు. లోను పూర్తిగా తీరాక ఇంటి కాగితాలు ఎన్నాళ్లకు ఇస్తారని అడిగాను. 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు మేమే కట్టాలి, 2023 డిసెంబరు నుంచి నిబంధన ఉంది అన్నాడు. నా జన్మలో బ్యాంకు నాకు బాకీపడే సందర్భం అదొక్కటే కనుక మనసులో రాసుకున్నాను.

ఇంతలో కంప్యూటర్ 12ను ఒప్పుకోలేదు. భోజన విరామం వచ్చింది. నా వెనుక వరసలో ఉన్న తిప్పర్తి రైతు ఒకాయన నా గొడవంతా విని, "వడ్డీ ఎంత పంతులుగారూ?" అని అడిగాడు. నెలకు నూటికి 70 పైసల పైన పడుతుంది అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. "మా ఊళ్లో రెండు రూపాయలు. రూపాయి కంటే తక్కువకు అప్పు దొరికిన మనిషివి, దాన్ని ఎందుకు తీరుస్తున్నావయ్యా?" అన్నాడు. సమాధానం దొరకలేదు.

మూడు గంటలకు రసీదు వచ్చింది. గుమాస్తా దాన్ని నా చేతిలో పెడుతూ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా ఇంట్లో కూడా అతికిస్తాం సార్, కానీ మాది ఊడిపోతోంది" అన్నాడు. రెండూ తడిగా ఉన్నప్పుడే ఒత్తి రాత్రంతా వదిలేయాలని చెప్పాను. ఆ మధ్యాహ్నం మొత్తంలో ఎవరికైనా పనికొచ్చిన ఆర్థిక సలహా అదొక్కటే. జిరాక్సుకు 4, బండి నిలిపినందుకు 10, వెరసి 14 రూపాయల ఖర్చుతో 12 రూపాయల అప్పు తీర్చి ఇల్లు చేరాను.

ఇప్పుడు నా లోను సంగతి. తీసుకున్నది 2021లో, 25 లక్షలు, 7 శాతానికి, 20 ఏళ్లకు. నెలకు 19,382. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, ఆరుసార్లు పెంచి 4 శాతాన్ని 6.5 చేసింది. నా 7 కాస్తా 9.5 అయింది. వాయిదా మాత్రం పెరగలేదు. ఎంత దయ అనుకున్నాను. ఫోనుకు ఒక సందేశం మాత్రం వచ్చింది, మీ గడువు సవరించబడినది అని. కాగితం తీసి లెక్క వేస్తే, 19,382 కడితే అసలుకు చేరుతున్నది రెండు వందల చిల్లర. అదే వాయిదాతో అప్పు తీరడానికి ఇంకా 47 ఏళ్లు. నాకప్పటికి 43. అంటే తొంభయ్యో ఏట ఋణవిముక్తి, ఉద్యోగం చూస్తే 61తో సరి. గడువు పెంచాలా, వాయిదా పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాడిని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అడిగారు. నెలకు 3,900 ఎక్కువ కడతారా, తొంభై ఏళ్లు బతుకుతారా అని దాని అర్థం. మొదటిది ఒప్పుకున్నాను.

ఆ 3,900ను సబ్బు ముక్కల్లోకి మార్చితే నెలకు 975 ముక్కలు. రోజుకు ముప్పై రెండు సబ్బులు అరగదీయాలి. ఇల్లు మొత్తం బాత్‌రూములోనే కాపురం పెట్టినా అరగవు.

41 సూత్రాలలో రిజర్వ్ బ్యాంకు కూర్చునే ముంబయి ఊసు ఎక్కడా లేదు. నా మోటారుసైకిలు గురించి లేదు, ఆయన కారు గురించి అసలే లేదు. 36 మాత్రం వంటింటి గడప లోపలివి. పోపుడబ్బా, పాలగిన్నె, చింతపండు, నూనె. ఇందులో పంతొమ్మిదోది నాకు కంఠతా వచ్చు. బస్సులో ఆడవారికి టికెట్టు లేదు కాబట్టి మీ ఆవిడ నకిరేకల్ వెళ్లి నిమ్మకాయలు తెచ్చుకుంటే చవక అట. నెలకు మేము వాడే పది నిమ్మకాయల కోసం! మహాలక్ష్మి పథకంలో ప్రభుత్వం ఆమె ప్రయాణానికి సున్నా టికెట్టు ఇచ్చింది. ఈయన ఆమె రోజుకే సున్నా టికెట్టు కొట్టాడు.

ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు ఇవ్వని భాగానికి కుదువపెట్టింది ఎవరి గొలుసు? చిట్టీ పాడి రిజిస్ట్రేషను ఖర్చు తెచ్చింది ఎవరు? ఇరవై ఏళ్లుగా ఒక్క చీర కొనేముందు నాలుగు దుకాణాలు తిరిగి, చివరికి కొనకుండా వచ్చే మనిషికి రంగుల కాగితం మీద పొదుపు నేర్పుతారా?

ఆ కాగితాన్ని మేమందరం నవ్వి పక్కన పెట్టాం. మా ఆవిడ పెట్టలేదు. మొన్న రక్తపోటు చూసిన డాక్టరు, నెల మాత్రలు మీకు రెండు నెలలు ఎలా వచ్చాయమ్మా అని అడిగితే తల దించుకుంది. ఇంటికి వచ్చి మందుల డబ్బా తెరిచాను. మాత్రలన్నీ సగానికి విరిచి, వెండిరేకులో చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. "సగం వేసుకున్నా బాగానే ఉంటోందండీ, నెలకు తొంభై మిగులుతున్నాయి" అంది. బావగారి లెక్కకు తానూ ఒక సూత్రం చేర్చింది. నలభై రెండోది.

నెలకు 90 రూపాయలు. నాకు లెక్కలు రాకుండా పోయినా బాగుండేది. ఆ పట్టిక ప్రకారమే ఇరవై ఏళ్లకు రెండున్నర నెలలు. రెండున్నర నెలల వాయిదా కోసం ఒక మనిషి తన తలలోని రక్తనాళాన్ని పణంగా పెట్టింది, అదీ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఎందుకంటే చెప్పకుండా మిగిల్చడమే ఆమెకు చిన్ననాటి నుంచి నేర్పిన విద్య. ముంబయిలో ఒక ఉదయం పావు శాతం ప్రకటిస్తే ఆ తొంభై ఎటు కొట్టుకుపోతుందో కనిపించదు. సిగ్గుండాలి. ఆ కాగితం ఇచ్చినవాడికి ఉండాలి. 12 రూపాయలు పట్టుకుని బ్యాంకులో వినోదం చూపించి వచ్చి, పక్కగదిలో మాత్ర విరుగుతున్న చప్పుడు వినని లెక్కల పంతులుకు ఇంకా ఎక్కువ ఉండాలి. ఏమిటి నా లెక్కలు! ఎవరికి చెబుతున్నాను!

ఇప్పుడు రోజూ రాత్రి మాత్ర నేనే ఇస్తున్నాను, పూర్తిది, నా ఎదుటే మింగాలి. ఆమెకు కోపంగానే ఉంది, దండగ అంటోంది.

షడ్డకుడు దసరాకు వస్తానని ఫోను చేశాడు. కారులోనే. సూత్రాలు ఎంతవరకు వచ్చాయి తమ్ముడూ అని అడిగాడు. మొదటిది తప్పకుండా పాటిస్తున్నాం అన్నా, వచ్చాక మీరే చూస్తారు అన్నాను. ఆయన స్నానానికి ఒక సబ్బు తయారు చేసి ఉంచాను. పద్నాలుగు ముక్కలు, నాలుగు రంగులు, ఒకటి బట్టల సబ్బు. రెండూ తడిగా ఉన్నప్పుడే ఒత్తాను, ఊడదు.